ఐదడుగుల ఎత్తులో ఒక ఊరు

మా టీములో ఈమధ్య అందరికీ కొండల పిచ్చి పట్టుకుంది. లాంగ్ వీకెండ్ కనపడితే చాలు స్పితి అంటారు, లడాఖ్ అంటారు. నేనూ ఒకసారి వెళ్ళొచ్చాను లెండి. స్పితి లోయలో కిబ్బర్ అని ఒక ఊరుంది, దాదాపు 14 వేల అడుగుల ఎత్తున. మేం దిగిన ఇంటి పెద్దాయన టీ పోస్తూ "మీ ఊరు ఎంత ఎత్తులో ఉంటుంది?" అని అడిగాడు. తాడేపల్లిగూడెం అని ఊరి పేరైతే చెప్పాను గానీ, ఎత్తు సంగతి నాకేం తెలుసు!

తీరా ఆలోచిస్తే, మా వైపు ఎత్తుని అడుగుల్లో లెక్కపెట్టి మాట్లాడుకునే చోటు ఒకటుంది. కొల్లేరు. అక్కడ టీకొట్టు దగ్గర కూడా "ఐదో కాంటూరు", "మూడో కాంటూరు" అనే మాటలు వినిపిస్తాయి. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీత గీస్తే అది ఐదో కాంటూరు. దాని లోపల 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దాకా నీళ్ళొస్తే 901. ఐదడుగులు పెరిగితే సరస్సు మూడింతలవుతుందన్నమాట!

పోయిన సంక్రాంతికి కారు తీసుకుని ఏలూరు మీదుగా ఆ లంక గ్రామాలకి బయల్దేరాను. కిబ్బర్ చూసొచ్చినవాణ్ణి, ఇంటి పక్కనున్న లంకని నలభై ఏళ్ళొచ్చాక చూడటం.. సరే, ఆ సిగ్గు నాది.

కృష్ణా, గోదావరీ చెరోవైపు ఒండ్రు పోసుకుంటూ పోతే, మధ్యలో పూడకుండా మిగిలిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. రెండో పులకేశి కునాల సరస్సు దగ్గర యుద్ధం చేశాడని క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం చెబుతుంది. ఆ కునాలే మన కొల్లేరని చరిత్రకారులంటారు. పక్కనే వేంగి, అంటే ఇప్పటి పెదవేగి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855లో బెజవాడది. డెల్టా పండింది, మురుగు కాలవల నీళ్ళు కొల్లేటికి చేరాయి. లంకల్లో వడ్డీలు చేపలు పడుతూ, నీళ్ళు తగ్గినచోట వరి వేసుకుంటూ బతికారు. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం వాళ్ళచేత సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించింది. చెరువులు నడపడానికి పెట్టుబడి కావాలి కదా. అది బయట ఊళ్ళవాళ్ళ దగ్గరుంది. వాళ్ళు లీజుకి తీసుకున్నారు. అనుమతి ఉన్న చెరువుల పక్కన అనుమతి లేనివీ లేచాయి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు కమిటీ సిఫార్సుతో గట్లని పొక్లెయిన్లతో, పేలుడు మందుతో కొట్టేశారు. మూడో కాంటూరుకి తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేస్తే, 2011లో అజీజ్ కమిటీ వద్దంది.

ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. ఇక నా సంగతి. ఆ బయట ఊళ్ళవాళ్ళలో మా నాన్న ఒకడు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చెరువులో వాటా పెట్టాడు. నా ఇంజినీరింగు ఫీజులో సగం ఆ చేపలే కట్టాయి.

లంకలో ఆ చెరువుకి కాపలా ఉన్న పెద్దాయన కనిపించాడు. మా నాన్న పేరు చెప్పగానే కుర్చీ వేయించాడు. గట్టు కొట్టేసిన చోటు చూపించి, "మీ నాన్నగారి చెరువు అదేనండి" అన్నాడు. ఇప్పుడక్కడ తూడు, గుర్రపుడెక్క.

"మీకు చాలా నష్టం వచ్చిందా బాబాయ్?" అన్నాను.

"మాకు చెరువుంటే కదండీ నష్టం రావడానికి! ఏడాదికింత అని లీజు డబ్బులిచ్చేవోరు, అది ఆగింది. మీ నాన్నగారు ఇంకోచోట పెట్టుకున్నారు. మేం ఎక్కడికెళ్తామండి?" కోపంగా అన్లేదు. అంతకన్నా నాకు కష్టంగా అనిపించింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచడం టీవీలో అందరం చూశాం. ఆ నీళ్ళు తర్వాత చేరింది ఇక్కడికే. ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగింది, లంకల చుట్టూ నీళ్ళు. అప్పటికి టీవీలవాళ్ళు వెళ్ళిపోయారు.

నా మటుకు నాకు గట్లు కొట్టడం తప్పనిపించదు. నీళ్ళకి చోటుండాలి. కానీ గీత గీసినప్పుడు వాటాదారుణ్ణీ, కాపలావాణ్ణీ ఒకే గాటన కట్టి "ఆక్రమణదారులు" అనేశాం. వాళ్ళలో ఒకడికి వెళ్ళడానికి ఇంకో ఊరుంది, రెండోవాడికి లేదు. పునరావాసం లెక్క ఈ తేడా దగ్గర మొదలవ్వాలి కదా?

కిబ్బర్ పెద్దాయనకి ఇప్పుడైతే జవాబు చెప్పగలను. మా ఊరు ఎంత ఎత్తో ఇప్పటికీ తెలీదు గానీ, నా చదువు మాత్రం ఐదడుగుల లోపే.