నమ్మకానికొక వరుస: అమెరికా విమానాశ్రయాలలో త్వరిత తనిఖీ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• విమాన ప్రయాణికుల తనిఖీ అమెరికాలో ఎప్పుడు, ఎందుకు తప్పనిసరి అయిందో చెప్పగలరు.
• ‘టీఎస్ఏ ప్రీచెక్’ అనే త్వరిత తనిఖీ పనిచేసే తీరును వివరించగలరు.
• పౌరులను ‘తెలిసినవారు’, ‘తెలియనివారు’ అని ప్రభుత్వం విభజించడం వలన కలిగే ఫలితాలను చర్చించగలరు.

1. విషయ పరిచయం

అమెరికాలోని పెద్ద విమానాశ్రయాలలో తనిఖీ దగ్గర సాధారణంగా రెండు రకాల వరుసలు ఉంటాయి. మొదటి వరుసలోని ప్రయాణికులు ల్యాప్‌టాప్‌ను, ద్రవపదార్థాల సంచిని బయటికి తీసి ట్రేలలో పెడతారు. కోటు, బెల్టు విప్పుతారు. రెండవ వరుసలోనివారు వీటిలో ఏదీ చేయకుండా కొద్ది నిమిషాలలో లోపలికి వెళ్లిపోతారు. ఇద్దరూ ఎక్కేది ఒకే విమానం. అటువంటప్పుడు ఈ తేడా ఎందుకు? దీనికి సమాధానం యంత్రాలలో కన్నా గత యాభై ఏళ్ల చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

2. తనిఖీ తప్పనిసరి కావడం

1960లలో అమెరికాలో విమానం ఎక్కడం ఇంచుమించు బస్సు ఎక్కినంత తేలిక. సామాను తెరిచి చూసేవారు లేరు. 1968–72 మధ్యకాలంలో 130కి పైగా అమెరికా విమానాలు హైజాక్‌కు గురయ్యాయి. వాటిలో చాలా విమానాలను క్యూబాకు మళ్లించారు. అయినా అందరినీ తనిఖీ చేస్తే ప్రయాణికులు దూరమవుతారని విమాన సంస్థలు వెనుకాడాయి. 1972 నవంబరులో సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని హైజాక్ చేసిన ముగ్గురు దానిని టెనెసీలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రంపై కూల్చుతామని బెదిరించారు. దీనితో వెనుకాడే అవకాశం పోయింది. 1973 జనవరి 5 నుండి ప్రయాణికులందరికీ తనిఖీ తప్పనిసరి అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆనాటి నియమానికి ఆధారం సమానత్వం. ఎవరు మంచివారో ముందుగా తెలియదు కాబట్టి అందరినీ ఒకే విధంగా చూడాలి అన్నది దాని సారం.

3. 2001 తరువాత పెరిగిన భారం

2001 సెప్టెంబరు 11 వరకు తనిఖీ బాధ్యత విమాన సంస్థలదే. అవి ప్రైవేటు కాంట్రాక్టర్లతో ఆ పని చేయించేవి. దాడుల తరువాత 2001 నవంబరు 19న వచ్చిన చట్టం రవాణా భద్రతా సంస్థను, అనగా టీఎస్ఏను, ఏర్పాటు చేసింది. నమ్మదగిన ప్రయాణికులకు తనిఖీని వేగవంతం చేసే పథకాలకు కూడా ఈ చట్టమే అవకాశం కల్పించింది. అంటే కఠిన తనిఖీ, దాని నుండి సడలింపు అనే రెండు ఆలోచనలూ ఒకే చట్టంలో పుట్టాయి.

ఆ తరువాత ప్రతి కుట్రకూ ఒక కొత్త నియమం జతపడింది. 2001 డిసెంబరులో పారిస్–మయామి విమానంలో ఒకడు బూట్లలో దాచిన బాంబును పేల్చబోయాడు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవరూప పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది. అదే సంవత్సరం బూట్లు విప్పడం అందరికీ తప్పనిసరి అయింది. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చింది. వరుసలు పొడవయ్యాయి.

4. ప్రీచెక్ పనిచేసే తీరు

మొదటి ప్రయత్నం ‘రిజిస్టర్డ్ ట్రావెలర్’ పథకం. ప్రైవేటు సంస్థలు రుసుము తీసుకుని సభ్యులను వరుస ముందుకు పంపేవి. కాని అక్కడికి చేరాక వారూ బూట్లు విప్పవలసిందే. ఆ సంస్థలలో పెద్దదైన ‘క్లియర్’ 2009 జూన్‌లో మూతపడి, మరుసటి సంవత్సరం కొత్త యాజమాన్యంలో తిరిగి మొదలైంది.

2011 అక్టోబరులో టీఎస్ఏ స్వయంగా ప్రీచెక్‌ను అట్లాంటా, డెట్రాయిట్, డల్లాస్, మయామి విమానాశ్రయాలలో ప్రారంభించింది. ఇందులో మారింది వరుసలోని స్థానం మాత్రమే కాదు, తనిఖీయే తేలికైంది. 2013 డిసెంబరు నుండి అర్హులైన పౌరులు, శాశ్వత నివాసులు 85 డాలర్లు చెల్లించి ఐదేళ్ల సభ్యత్వానికి దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది.

దీనిలోని దశలు ఇవి. దరఖాస్తుదారు వేలిముద్రలు ఇస్తారు. ప్రభుత్వం వారి నేరచరిత్రను పరిశీలిస్తుంది. ఆమోదం లభిస్తే ఒక సంఖ్య వస్తుంది. టికెట్ కొన్నప్పుడు ఆ సంఖ్యను నమోదు చేయాలి. ప్రయాణికుని పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను టీఎస్ఏ తన జాబితాలతో సరిచూసి, బోర్డింగ్ పాస్‌పై ప్రీచెక్ గుర్తు వేయిస్తుంది. సభ్యులకు కూడా ప్రతిసారీ ఈ గుర్తు వస్తుందన్న హామీ లేదు. ఎప్పుడు ఎవరిని పూర్తిగా తనిఖీ చేస్తారో ముందే తెలిస్తే దానిని దుర్వినియోగం చేయవచ్చు గనుక ఈ ఏర్పాటు.

5. నమ్మకంలోని లోపాలు

ఈ వరుసలను నింపడానికి టీఎస్ఏ కొంతకాలం సభ్యులు కానివారిని కూడా అందులోకి పంపింది. దాని ఫలితం 2015లో వెలువడిన ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలో కనిపిస్తుంది. గతంలో తీవ్రవాద బృందంలో ఉండి, శిక్షపడిన ఒక వ్యక్తికి ప్రీచెక్ గుర్తు వచ్చింది. పత్రాలు చూసే ఉద్యోగి ఆ వ్యక్తిని వార్తల ద్వారా గుర్తుపట్టి పై అధికారికి చెప్పాడు. పాస్‌పై గుర్తు ఉన్నందున, ఇంకేమీ చేయనక్కరలేదన్నది పై అధికారి ఆదేశం. మనిషి కంటికి కనిపించిన దానికన్నా కాగితం మీది గుర్తుకే విలువ ఎక్కువైంది.

రెండవ లోపం సామాజికమైనది. రుసుము కట్టలేనివారు, కొన్ని పాత నేరాలకు శిక్షపడినవారు, పౌరసత్వమో శాశ్వత నివాసమో లేనివారు సాధారణ వరుసలోనే ఉంటారు. అమెరికాలో హెచ్-1బీ వీసాపై పనిచేసే తెలుగువారికి నేరుగా ప్రీచెక్‌కు దరఖాస్తు చేసే అర్హత లేదు. 2017లో భారత పౌరులకు ‘గ్లోబల్ ఎంట్రీ’ పథకంలో ప్రవేశం లభించిన తరువాత, ఆ సభ్యత్వం ద్వారా వారికీ ఈ వరుస తెరుచుకుంది.

6. భారతదేశంతో పోలిక

మన విద్యార్థులు తరచుగా మూడు పనులను కలిపి చూస్తారు: గుర్తింపు పరిశీలన, శరీర–సామాను తనిఖీ, ఇమిగ్రేషన్. 2022 డిసెంబరులో మొదలై, మరుసటి ఏడాది హైదరాబాద్, విజయవాడలకు కూడా వచ్చిన డిజియాత్ర ముఖాన్ని గుర్తించి ద్వారం తెరుస్తుంది. ఇది మొదటి పనికి చెందినది. 2025 జనవరిలో హైదరాబాద్‌కు వచ్చిన ‘ట్రస్టెడ్ ట్రావెలర్’ పథకం మూడవ పనికి చెందినది. రెండవ పని, అంటే సీఐఎస్ఎఫ్ చేసే తనిఖీ, ఈ రెండింటి వలనా తగ్గదు. ప్రీచెక్ సడలించినది సరిగ్గా ఆ రెండవ పనినే.

7. సారాంశం

1973లో ‘ఎవరినీ ముందుగా నమ్మలేము’ అన్న నియమం, 2011 నాటికి ‘తమ వివరాలు ఇచ్చినవారిని నమ్ముదాము’ అన్న నియమంగా మారింది. ప్రయాణికుడు మిగుల్చుకున్న నిమిషాలకు తన వేలిముద్రలను, గత చరిత్రను ప్రభుత్వానికి అప్పగించాడు. 2025 జూలైలో బూట్లు విప్పే నియమాన్ని అమెరికా అందరికీ ఎత్తివేసింది. అంతవరకు ప్రధానంగా రుసుము కట్టినవారికి దక్కిన సౌకర్యం ఉచితంగా అందరిదీ అయింది. ఒక నియమం భద్రతకు నిజంగా ఎంత అవసరం, ఎంతవరకు అలవాటుగా సాగింది అన్న ప్రశ్నను ఈ మార్పు మన ముందుంచుతుంది. పౌరుని సౌకర్యానికి రాజ్యం వెల కట్టిన ప్రతిచోటా మీరు ఈ ప్రశ్న వేసుకోవాలి.

8. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. 1973లో ప్రయాణికుల తనిఖీ తప్పనిసరి కావడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ‘రిజిస్టర్డ్ ట్రావెలర్’, ప్రీచెక్ పథకాల మధ్య ప్రధాన భేదం ఏమిటి?
3. త్వరిత తనిఖీ సమానత్వ సూత్రానికి విరుద్ధమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.