బరి చుట్టూ కూర్చున్నవాళ్ల కథ

1970 అక్టోబరు 18, ఆదివారం రాత్రి. పశ్చిమ జర్మనీ టీవీలో ఒక పోటీ నడుస్తోంది. బెర్న్‌హార్డ్ లోట్స్ అనే యువకుడు ఏడు రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెడుతున్నాడు. వెనకాల తుపాకులతో ఒక ముఠా. వారం పాటు దొరక్కుండా తిరిగితే పది లక్షల మార్కులు, దొరికితే చావు. మధ్యమధ్యలో వ్యాపార ప్రకటనలు. స్టూడియోలో చిరునవ్వు చెరగని యాంకర్. ఆ వేషం వేసిన డీటర్ థామస్ హెక్ అప్పటికే టీవీలో పాటల కార్యక్రమం నడుపుతున్న అసలు సిసలు యాంకర్.

అది 'దాస్ మిలియోనెన్‌ష్పీల్' అనే టీవీ సినిమా. చాలామంది నిజం పోటీ అనుకున్నారు. స్టేషన్‌కు ఫోన్లు మోగాయి. ఇదేం ఘోరమని తిట్టినవాళ్లు ఉన్నారు. వచ్చే పోటీలో మాకూ అవకాశం ఇవ్వండని అడిగినవాళ్లూ ఉన్నారు.

చావు పందేల సినిమా ఏది చూసినా నాకు ఆ ఫోన్లే గుర్తొస్తాయి. ఎవరు బతుకుతారు, ఎవరు చస్తారు అన్న ఉత్కంఠ మీద నడిచే ఈ కథలు నిజానికి వేలెత్తి చూపేది గట్టున కూర్చుని చూసేవాళ్లను. ఈ కథల్లోకి ఆ చూసేవాళ్లు ఎప్పుడు వచ్చారో తెలియాలంటే ఇంకో యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మొదట్లో వాళ్లు లేరు. 1924లో అమెరికన్ రచయిత రిచర్డ్ కానెల్ 'ద మోస్ట్ డేంజరస్ గేమ్' అనే కథ రాశాడు. జంతువుల వేట మీద మొహం మొత్తిన జరోఫ్ అనే రష్యన్ దొర తన దీవికి చేరిన మనుషులను వేటాడతాడు. 1932లో దాన్ని సినిమా తీశారు. 'కింగ్ కాంగ్' కోసం వేసిన అడవి సెట్లనే ఇందులోనూ వాడుకున్నారు. ఆ వేట ఒక ఉన్మాది చాటుగా తీర్చుకునే సరదా. టికెట్ లేదు, చప్పట్లు లేవు.

1950ల్లో అమెరికాలో ఇంటింటికీ టీవీ వచ్చింది. 1955లో '64,000 డాలర్ క్వశ్చన్' అనే క్విజ్ దేశాన్ని ఊపేసింది. డబ్బు కోసం మనిషి చెమటలు పట్టి నిలబడితే, ఇంట్లో కూర్చుని చూడటం కొత్త వినోదమైంది. దీన్ని పసిగట్టినవాడు రాబర్ట్ షెక్లీ. ఆయన 1958లో రాసిన 'ద ప్రైజ్ ఆఫ్ పెరిల్' కథలో మనిషి వేట ఏకంగా టీవీ కార్యక్రమమైంది. జర్మన్ సినిమాకు మూలం ఆ కథే.

అంతకుముందు, 1953లో షెక్లీ రాసిన 'సెవెన్త్ విక్టిమ్' ఇటలీ చేరింది. దర్శకుడు ఎలియో పెట్రీ 1965లో దాన్ని 'ద టెన్త్ విక్టిమ్'గా తీశాడు. అందులో ఒక్కొక్కరూ పదిసార్లు బరిలో దిగాలి, ఐదుసార్లు వేటగాడిగా, ఐదుసార్లు ఎరగా. ఉర్సులా ఆండ్రెస్ పాత్ర తన పదో హత్యను ఒక టీ కంపెనీ ప్రకటన కోసం రోమ్‌లో కెమెరాల ముందు చేస్తానని ఒప్పుకుంటుంది. గ్లాడియేటర్లు చచ్చిన నగరంలో చావు మళ్లీ ప్రదర్శన అయింది, ఈసారి ఖర్చు టీ పొడి కంపెనీది.

1975 ఈ తరహాకు గట్టి పునాది వేసిన ఏడాది. రోజర్ కార్మన్ నిర్మించిన 'డెత్ రేస్ 2000'లో రోడ్డు మీద మనుషులను కారుతో గుద్దితే పాయింట్లు. రెండు నెలలు తిరక్కుండానే నార్మన్ జ్యూయిసన్ 'రోలర్‌బాల్' వచ్చింది. విలియం హారిసన్ కథ అది. 2018 నాటికి దేశాలు పోయి కార్పొరేషన్లు ప్రపంచాన్ని ఏలుతుంటాయి. జనానికి తిండికి లోటు లేదు, నోరెత్తే హక్కు మాత్రం లేదు. వాళ్ల కోపం చల్లార్చడానికే ఈ ఆట. వాలుగా కట్టిన గుండ్రటి ట్రాక్, ఉక్కు బంతి, స్కేట్ల మీద కొందరు, మోటార్‌సైకిళ్ల మీద కొందరు. మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ జరిగిన హాల్లో షూటింగ్ చేశారు. ట్రాక్ గీసిచ్చింది సైకిల్ పందేల ట్రాకులు కట్టే హెర్బర్ట్ షూర్మన్.

హ్యూస్టన్ జట్టు ఆటగాడు జొనాథన్ జనానికి దేవుడైపోతాడు. ఒక్క మనిషికి అంత పేరు రావడం పెద్దలకు కంటగింపు. ఆట మానుకోమంటే వినడు. అందుకని ఒక్కో మ్యాచ్‌కూ నియమాలు తీసేస్తూ పోతారు. టోక్యోతో ఆటలో పెనాల్టీలు ఉండవు. న్యూయార్క్‌తో ఫైనల్‌కు వచ్చేసరికి సబ్‌స్టిట్యూట్లూ ఉండరు, టైం లిమిట్ కూడా ఉండదు. అంటే ఒక్కడు మిగిలేదాకా ఆట. అన్యాయాన్ని చూపడానికి జ్యూయిసన్ ఉపన్యాసాలు పెట్టలేదు. రూల్ బుక్కులో ఒక్కో పేజీ చించాడు. సినిమా వచ్చాక ఈ ఆటతో నిజంగానే లీగ్ పెడదామని కొందరు ముందుకొస్తే ఆయన మండిపడ్డాడు.

జర్మన్ సినిమాలో లాగే 1987లో ష్వార్జ్‌నెగర్ 'రన్నింగ్ మ్యాన్'లోనూ యాంకర్ వేషం వేసింది అసలు గేమ్ షో యాంకరే, రిచర్డ్ డాసన్. స్టీఫెన్ కింగ్ మారుపేరుతో 1982లో రాసిన నవల దానికి ఆధారం.

2000లో జపాన్ నుంచి 'బ్యాటిల్ రాయల్' వచ్చింది. ఒక క్లాసు పిల్లలు 42 మందిని దీవికి తరలించి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటుంది ప్రభుత్వం. దర్శకుడు కింజీ ఫుకసాకుకు అప్పుడు 70 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 15 ఏళ్ల వయసులో, ఆయన ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా గుండ్ల వర్షం కురిసింది. చనిపోయిన తోటి పిల్లల శవాలను బతికినవాళ్లే ఎత్తాల్సి వచ్చింది. పెద్దల మాట మీద ఆయనకు నమ్మకం పోయింది అక్కడే. ఈ తరహాలో ఇంత నొప్పి ఉన్న సినిమా నేను ఇంకోటి చూడలేదు.

సుజాన్ కాలిన్స్‌కు 'హంగర్ గేమ్స్' ఆలోచన టీవీ ఛానళ్లు మారుస్తుంటే తట్టింది. ఒక దాంట్లో రియాలిటీ షో, ఇంకో దాంట్లో ఇరాక్ యుద్ధం. 2008లో నవల, 2012లో సినిమా వచ్చాయి. ఆ కథలో పోరాట గుర్తైన మూడు వేళ్ల సెల్యూట్‌ను 2014లో థాయ్‌లాండ్ వీధుల్లో సైనిక పాలనకు ఎదురు నిలిచినవాళ్లు ఎత్తి చూపారు. ఒక సినిమాకు అంతకన్నా సార్థకత ఏం కావాలి?

దానికి సరిగ్గా ఎదురైనదీ జరిగింది. అప్పుల్లో మునిగిన 456 మంది ప్రాణాలొడ్డి ఆడే కొరియా సిరీస్ 'స్క్విడ్ గేమ్'ను 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో లోకమంతా చూసింది. 2023లో అదే నెట్‌ఫ్లిక్స్ నిజం మనుషులు 456 మందితో ఆ పోటీనే రియాలిటీ షోగా పెట్టింది. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ 1970లో ఫోన్ చేసి అడిగినవాళ్ల కోరిక సగం తీరిందనిపించి నా మనసు చివుక్కుమంది.

అందుకే 'రోలర్‌బాల్' ఆఖరి నిమిషాలను మళ్లీ మళ్లీ చూస్తాను. ట్రాక్ మీద దాదాపు అందరూ కూలిపోయారు. జొనాథన్ చేతిలో ఉక్కు బంతి, కింద ప్రత్యర్థి. జనం ఊపిరి బిగబట్టారు. అతను కొట్టడు. కుంటుతూ వెళ్లి బంతిని గోల్‌లో పడేస్తాడు, అంతే. అప్పటిదాకా రక్తం కోసం అరిచిన హాలంతా నిశ్శబ్దం. ఆ కాసేపు అరవడానికి ఏమీ దొరక్క, వాళ్లు తాము ఏం చూడటానికి వచ్చారో తమకే తెలిసినట్టు కూర్చుని ఉంటారు.