క్రొత్త యిండ్లు, ప్రాత గోడలు

1945లో యుద్ధము ముగియఁగానే అమెరికాలో లక్షలకొలఁది సైనికులు మరలివచ్చిరి, ఇండ్లు చాలకపోయెను. 1944 నాఁటి శాసనము ననుసరించి వారి గృహఋణములకు ప్రభుత్వము పూచీపడెను. 1947 మొదలు న్యూయార్కునకు సమీపమున లాంగ్ ఐలండునందలి బంగాళాదుంపల పొలములలో లెవిట్టౌను వెలసెను. ఒక్కొక్క పనివాఁడు ఒక్క పనినే యింటింటను చేయుచుఁ బోఁగా, కొలఁది యేండ్లలో 17,000కు పైఁగా ఇండ్లు లేచినవి. ఇంతవఱకు మేమును మెచ్చుకొందుము.

కాని తొలి అద్దెపత్రములలో నొక నిబంధన యుండెను: తెల్లవారు తప్ప నితరులు ఆ యింట వసింపరాదు, నౌకరులుగా మాత్ర ముండవచ్చును. వంట చేయుటకుఁ దగినవాఁడు పొరుగున కాపురమునకుఁ దగఁడఁట! ఈ న్యాయము మన మెఱుఁగనిది కాదు. అట్టి నిబంధనలను న్యాయస్థానము లమలుపఱుపరాదని 1948లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పత్రమున మాట తొలఁగెను, ఆచారము తొలఁగలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని మఱియొక లెవిట్టౌనున నొక నల్లజాతి కుటుంబము ఇల్లు కొనఁగా, జనులు గుంపుగూడి కిటికీలపై రాళ్లు రువ్విరి. గృహవిక్రయమున జాతిభేదమును నిషేధించు శాసనము 1968లోఁ గాని రాలేదు.