సోలార్ వాటర్ హీటర్ (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్)

ఎండతో నీళ్లు కాచే పరికరం. తూర్పు హైదరాబాద్‌లోని ఈ కాలనీల డాబాల మీద కనిపించేది ఎక్కువగా థర్మోసైఫన్ రకం. దీనికి పంపు అక్కర్లేదు: గొట్టాల్లో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనీరు కిందికి దిగుతుంది. నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ప్యానెల్‌ను దక్షిణం వైపు వాల్చి బిగిస్తారు. రోజుకు 100 లీటర్లకు దాదాపు 2 చదరపు మీటర్ల ఫ్లాట్ ప్లేట్ ప్యానెల్ కావాలి.

మబ్బు కంటే పెద్ద బెడద బోరు నీటిలోని ఉప్పు. నీళ్లు కాగినప్పుడు కాల్షియం లవణాలు తెల్లని పెచ్చుగా గొట్టాల లోపల పేరుకుని వేడిని అడ్డుకుంటాయి. ఫ్లాట్ ప్లేట్‌లోని సన్నని రాగి గొట్టాలు త్వరగా పూడుకుపోతాయి. బోరు నీళ్లే దిక్కైన ఇంటికి వెడల్పాటి గాజు గొట్టాల రకమే మేలు. దాన్నీ అప్పుడప్పుడు కడిగించాల్సిందే.