తిరునెల్వేలి పిడికెడు బియ్యం, డోర్నకల్ తెలుగు



మన విళాత్తికుళం, కోవిల్పట్టి ప్రాంతపు పిల్లలకు ఏ చరిత్ర చెప్పవలెనని అడిగితే మీలో పలువురు కట్టబొమ్మన పేరే ముందు చెబుతారు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికొయ్య ఎక్కిన ఆ పాలెగాడు తెలుగు వంశమువాడు. మరికొందరు ఇడైసెవల్ గ్రామస్థులైన కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసిన ‘గోపల్లగ్రామం’ నవలను తలచుకొంటారు. తెలుగు కుటుంబములు ఈ నల్లరేగడి నేలకు వలసవచ్చిన కథ అది. రెండును చెప్పదగినవే. నేడు మీ ముందుంచదలచినది మూడవ కథ. ఇందలి నాయకుడు తెలుగువారు కారు. మన పాత తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళ క్రైస్తవులు. ముప్పది అయిదవ యేట ఆలుబిడ్డలతో తెలుగునేలకు వెళ్ళి, మన భాష నేర్చి, ఆ భాషలోనే ముప్పది అయిదేండ్లు పనిచేసి, ఆ మట్టిలోనే కలసిపోయినారు. వారి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

‘పాత తిరునెల్వేలి జిల్లా’ అన్నమాటకు చిన్న వివరణ అవసరము. నేడు మన విళాత్తికుళం తూత్తుక్కుడి జిల్లాలో ఉన్నది. ఆ జిల్లా ఏర్పడినది 1986లో. అంతకు పూర్వము వైప్పారు ఒడ్డున ఉన్న మనమూ, దక్షిణాన తేరినేలల్లో తాటితోపుల నడుమ ఉన్న క్రైస్తవ గ్రామములవారూ ఒకే జిల్లా ప్రజలము. మదుర నాయకుల కాలము నుండి మనవారు ఇక్కడ ఉన్నారు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళవారు, నాయుళ్ళు, దేవాంగులు, అరుంధతీయులు, అందరి ఇండ్లలోను తెలుగు పలికినది. పలికినదే గాని వ్రాతకు ఎక్కినది తక్కువ. ఈ మాట మనసులో ఉంచుకొని ముందుకు సాగండి.

మిషనరీల అడుగులు ఈ సీమలో కొత్తవి కావు. కోవిల్పట్టికి చేరువన ఉన్న కామనాయక్కన్‌పట్టి పేరులోనే ఒక నాయకుడు ఉన్నాడు. ఆ ఊరి క్రైస్తవ సంఘములో 18వ శతాబ్ది మొదటి భాగమున సేవ చేసిన ఇటలీ దేశపు జెస్యూట్ కాన్‌స్టాన్జో బెస్కీనే తమిళులు వీరమామునివర్ అని గౌరవిస్తారు. తరువాతి శతాబ్దిలో ఇడైయన్‌గుడిలో కాపురముండిన రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించి, తమిళ తెలుగు కన్నడ మలయాళములు ఒక తల్లి బిడ్డలని విస్తారముగా నిరూపించినారు. (ఆయనకు నలుబది యేండ్లు ముందే 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యము కాదని చెప్పియున్నారు. ఆ ఘనత ఆయనకు దక్కవలె.) మన జిల్లా ఇసుకనేలలో కూర్చొని ఒక విదేశీయుడు తెలుగు చుట్టరికమును లెక్కకట్టినాడన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసు?

వీరందరును వెలుపలినుండి వచ్చినవారు. అజరయ్యగారి కథ దీనికి భిన్నము. ఇక్కడివారే మరొక చోటికి మిషనరీలై వెళ్ళినారు.

ఆయన 1874 ఆగస్టు 17న వెళ్లాళన్‌విళై గ్రామమున జన్మించినారు. తండ్రి ఆ ఊరి చర్చి పాదిరి. కొడుకు పెరిగి పెద్దవాడగుటకు ముందే ఆయన గతించినారు. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగినారు. 1902లో యాళ్పాణము వెళ్ళినపుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సముద్రమునకు ఇవతల మిషను పని నడుపుట చూచినారు. తిరునెల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది. తరతరాలుగా ఇంగ్లండు నుండి వచ్చిన సాయము పుచ్చుకొన్నది. తాను ఇతరులకు ఇచ్చినదెంత? ఆ ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపితమైనది. నియమములు మూడే: మనుషులు మనవారే, ధనము మనదే, నిర్వాహము మనదే.

ధనము మనదే అనుట సులభము. ఇచ్చినవారెవరో చూడండి. తిరునెల్వేలి క్రైస్తవులలో అధికసంఖ్యాకులు తాటిచెట్లు ఎక్కి నీరా దించి కరుప్పట్టి కాచు కుటుంబములవారు, చిన్న రైతులు, కూలీలు, బడిపంతుళ్ళు. తమిళ క్రైస్తవ గృహములలో ‘పిడియరిసి’ అను ఆచారము కలదు. ఇల్లాలు పొయ్యిమీదికి ఎసరు పెట్టునపుడు ఆ పూటకు కొలిచిన బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారాంతమున ఆ బియ్యము గుడికి చేరును. వడ్డించిన తరువాత మిగిలినది కాదు, వండుటకు ముందు తీసినది. మిషనరీకి సహాయము అనగానే మనకు సముద్రము దాటి వచ్చు ధనము జ్ఞాపకము వచ్చును. దానిని కాదనలేము. కాని ఇటువంటి కుండలు కూడ ఆ చరిత్రలో భాగమే.

పంపినది ఎక్కడికి? నిజాము రాజ్యమునందలి తెలుగు జిల్లాలకు. డోర్నకల్ పరిసరములలో ఆనాడు ఏ మిషనూ సరిగా పనిచేయుటలేదు. సంఘపు తొలి మిషనరీ శామ్యూల్ పాక్యనాథన్ 1904లో అక్కడికి వెళ్ళినారు. భాష తెలియదు, రాజ్యము వేరు, అన్నము కూర కూడ వేరు. తిరునెల్వేలివారికి అది పరదేశమే. అచటి ప్రజలలో క్రైస్తవమును స్వీకరించినవారు ముఖ్యముగా మాలలు, మాదిగలు. ఊరి బావిలో నీరు తోడుకొనుటకు హక్కు లేనివారు, బడి గడప తొక్కనివారు.

ఆరు సంవత్సరములు సంఘ కార్యదర్శిగా ఇతరులను పంపిన అజరయ్యగారికి తాను వెళ్ళకపోవుట తగదని తోచినది. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, పాదిరిగా అభిషేకము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో డోర్నకల్ చేరినారు. నగరములో పేరు, పరపతి ఉన్న ఉద్యోగమది. ఇక్కడ దక్కినది రైల్వే జంక్షను పక్కన ఒక పల్లె, నోరు తిరుగని భాష.

ఉపాధ్యాయులారా, ఇచట ఒక్క క్షణము ఆగండి. వయసు వచ్చినవాడు కొత్త భాష నేర్చుట ఎంత కష్టమో మనకంటె తెలిసినవారు లేరు. తమిళమున వర్గాక్షరములకు ఒకే గుర్తు. క, ఖ, గ, ఘలు నాలుగుగా విడివిడి పలుకుట తమిళులకు కొరుకుడుపడదు. ఒత్తులు, సంయుక్తాక్షరములు మరొక అడవి. వీటన్నిటిని దాటి అజరయ్యగారు తెలుగులో ప్రసంగించినారు, పల్లె పల్లెకు తిరిగి కూలివారితో వారి భాషలోనే మాట్లాడినారు. మిషనరీల చరిత్ర వ్రాయువారు నేర్చుకొన్నవారి పేరు వ్రాస్తారు గాని నేర్పినవారి పేరు చాలసార్లు విడిచిపెడతారు. 1805లో విశాఖపట్నము చేరిన లండన్ మిషనరీ డెస్‌గ్రాంజస్‌కు ఆనందరాయరు అను తెలుగు పండితుడు తోడుపడగా తెలుగు సువార్తలు సిద్ధమై 1812లో సీరాంపూరులో అచ్చయినవి. ఆనందరాయరు పేరైనా మిగిలినది. అటువంటి ఎందరో తెలుగు గురువుల పేర్లు మిగులలేదు. ఇది మన వృత్తివారి వాటా గనుక చెబుతున్నాను.

డోర్నకల్‌లో చదువు చెప్పిన తీరు కూడ మన దృష్టికి రావలసినదే. అక్షరము రాని పెద్దలకు ప్రార్థనలు, ఆజ్ఞలు నోటితో వల్లె వేయించినారు. తెలుగు కీర్తనలు పాడించినారు. పల్లెలలో ఉపదేశకుడే పంతులు. రాత్రిపూట పంతులు ఇంటి దీపమే బడి. మురికి, రోగము, అప్పు, తాగుడు, ఈ నాలుగు దయ్యములను వదిలించవలెనని అజరయ్యగారు పదే పదే చెప్పేవారు. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటలూ ‘డి’ అక్షరముతోనే మొదలగును. తెలుగులో ఆ చమత్కారము పోయినా పని మాత్రము తెలుగులోనే జరిగినది.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. అజరయ్యగారు లేచి, మిషనరీలు చేసిన త్యాగములను ప్రశంసించి, ఆ వెంటనే ఒక చేదు నిజము చెప్పినారు. విదేశీ మిషనరీలు ఆస్తినిచ్చినారు, దేహమునిచ్చినారు గాని భారతీయ సహోదరుని తమ బల్లవద్ద సమానుడుగా కూర్చుండబెట్టుటకు వెనుకాడుచున్నారు, మాకు స్నేహితులు కావలెను అన్నది దాని సారాంశము. సభలో కొందరికి కోపము వచ్చినది. ప్రేమ చూపుటకును దయ చూపుటకును గల భేదమును అంత సూటిగా, అంతటి సభలో, ముప్పదియారేండ్లు నిండని ఒక తిరునెల్వేలి పల్లెటూరివాడు చెప్పినాడు. నాకు ఆయన జీవితములో బిషప్ పదవికంటె ఈ ఘట్టమే గొప్పదిగా కనిపించును.

ఆ పదవి 1912 డిసెంబరు 29న కలకత్తాలో వచ్చినది. ఆంగ్లికన్ సంఘమున బిషప్ అయిన తొలి భారతీయుడాయన. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన పక్షమున నిలిచినారు. తెల్లవారిపై నల్లవాడు అధికారి కాగూడదని గొణిగినవారూ ఉన్నారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి ధనము చాలక ఏండ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకొన్నది. దేవాలయపు స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ బలిపీఠము అందులో కలిసి ఉన్నవి. ఫోటో చూపిస్తే పిల్లలు ఇది ఏ మతపు గుడి అని అడుగుతారు. అడగనివ్వండి.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. గుడిలో కూడ మాల, మాదిగ భేదము వెంటాడినది. 1930లలో సామూహికముగా మతము మారుటను గాంధీజీ తీవ్రముగా విమర్శించినారు. తమ బ్రతుకు బాగుకై నిర్ణయము తీసుకొను బుద్ధి ఆ పేదవారికి కలదని అజరయ్యగారి వాదము. ఇరుపక్షముల మాటలూ నేటికీ వినిపిస్తూనే ఉన్నవి. మీరు ఏ మతమువారైనా మీ తీర్పు మీది. కాని అదే అజరయ్యగారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని, ఇరుగుపొరుగు నుండి తమవారిని వేరు చేయవద్దని వాదించిన సంగతి కూడ పిల్లలకు చెప్పండి.

సేవకు ప్రతిఫలముగా మతము అడిగినారా అన్న ప్రశ్న వస్తే ఒంగోలు సంగతి చెప్పవచ్చును. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకములో సుమారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించినారు. కూలికై వచ్చినవారు బాప్తిస్మము అడిగినా కరవు సాయము సాగినంతకాలము ఇవ్వలేదు. ఇచ్చినది తరువాత. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. ఆ సంఖ్య విని ఆశ్చర్యపడువారు దానికి ముందు నెలల తరబడి చెప్పిన ‘కాదు’ను మరచిపోతారు. మిషనరీలకు తోడుపడినవారు క్రైస్తవులే అనుకొనరాదు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల ఆస్పత్రి నడుపగా, హిందువైన ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు రోగుల బంధువులు బస చేయుటకు అక్కడ సత్రము కట్టించినారు. మతము మారలేదు, కృతజ్ఞత దాచుకోలేదు.

ఇప్పుడు మన వీధికి వద్దాము. విళాత్తికుళం చుట్టుపక్కల తెలుగు మాట్లాడు అరుంధతీయ కుటుంబములు అనేకము. వారు తెలుగునాటి మాదిగలకు బంధువర్గమని పరిశోధకులు చెబుతారు. అనగా మన తిరునెల్వేలి తాటితోపులనుండి కదలి వెళ్ళిన మిషనరీలు డోర్నకల్‌లో ఎవరికి అక్షరములు నేర్పినారో, వారి రక్తబంధువులే మన తరగతిలో చివరి వరుసలో కూర్చొని ఉన్నారు. ఇంట ‘అమ్మా, అన్నము పెట్టు’ అంటారు. ఆ మాటను వ్రాయమంటే తమిళ లిపిలో వ్రాస్తారు. నాయుళ్ళ బిడ్డలు, రెడ్ల బిడ్డలు కూడ అంతే. 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యాంశము చేస్తూ చట్టము వచ్చిన తరువాత తెలుగు తరగతులు మరింత పలచబడినవి. తమిళము నేర్వవలసినదే, అది మనకు అన్నము పెట్టిన భాష. కాని ‘తెలుగు చదివితే ఏమి లాభము సార్?’ అని అడుగు తండ్రికి నేను చెప్పు జవాబు అజరయ్యగారి కథే. ఆయనకు ఏ లాభమున్నది? ఆ భాషలో తాతముత్తాతలు లేరు, పొలము లేదు, ఉద్యోగము లేదు. అందులో మాట్లాడు మనుషులు ఉన్నారు, అంతే.

1945 జనవరి 1న ఆయన కన్నుమూసినారు. తాను కట్టించిన గుడి ఆవరణలోనే సమాధి. ఆయన పాటుపడిన సంఘముల ఐక్యత రెండేండ్ల తరువాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో నెరవేరినది. ఆయన స్థాపించిన తిరునెల్వేలి సంఘము 2003లో నూరేండ్లు నిండించుకొన్నది.

సెలవులలో మీ పిల్లలను ఉత్తరాదికి రైలులో తీసుకొని వెళ్ళినపుడు విజయవాడ, ఖమ్మం దాటిన తరువాత కిటికీ పక్కన కూర్చోబెట్టండి. డోర్నకల్ జంక్షను వస్తుంది. ప్లాట్‌ఫారం మీది పసుపు బోర్డుపై పేరు తెలుగులో ఉంటుంది. మీరు చెప్పకుండ వారినే చదవనివ్వండి.