వెన్నుపాముకు రెండవ దెబ్బ

సుమారు 3,600 సంవత్సరముల క్రిందట ఈజిప్టులో వ్రాయబడిన ఒక వైద్యగ్రంథము నేడు ఎడ్విన్ స్మిత్ పపైరస్ అను పేర ప్రసిద్ధము. మెడయెముక తొలగి కాళ్లుచేతులు పడిపోయిన వానికి చికిత్స చేయబూనరాదని అది వైద్యునికి చెప్పుచున్నది. ఆ తీర్పు ఇరువదవ శతాబ్దము వరకు ఇంచుమించుగా చెల్లినది. దానిని మార్చగలమను ఆశ ఎట్లు పుట్టినదో, ఏమైనదో మనమిప్పుడు విచారింతము.

1911లో అమెరికా వైద్యుడు ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ ఆలెన్, కుక్కల వెన్నుపాముపై నిర్ణీతమైన బరువును జారవిడిచి పరీక్షించెను. దెబ్బతిన్న చోట నిలువుగా కోసి, లోపల చేరిన రక్తమును ద్రవమును వెడలింపగా అవి కొంత కోలుకొనెను. కనుక దెబ్బలు రెండని తోచినది. మొదటిది పడినపుడు తగులునది. రెండవది పిమ్మట గంటలకొలది లోలోపల సాగునది. మొదటిదానిని ఎవ్వరును మరల్పలేరు. రెండవదానిని ఆపవచ్చునేమో!

ఈ రెండవ దెబ్బలో ఒక భాగమును మన వంటయింటిలోనే చూడవచ్చును. చాలకాలము నిలువయున్న నూనె ముక్కవాసన కొట్టును. ఆక్సిజన్ క్రొవ్వును చెరచుటయే దానికి కారణము. నాడీకణముల పొరలలో క్రొవ్వు మిక్కుటము. గాయమున చిందిన రక్తములోని ఇనుము ఆ చెరుపును త్వరపెట్టును. ఒక అణువు చెడి ప్రక్కదానిని చెరచును. ఈ గొలుసును త్రెంచు పదార్థములే యాంటీ ఆక్సిడెంట్లు. ముందుగా విటమిన్ ఇ ఇచ్చిన పిల్లులు గాయము తరువాత మేలుగా కోలుకొన్నట్లు 1988లో ప్రకటింపబడినది. కాని, ప్రమాదము ముందుగా చెప్పి వచ్చునా?

అందుచేత దృష్టి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్‌పైకి మరలినది. పెద్ద మోతాదున అది క్రొవ్వు చెడుటను అడ్డగించునని జంతుపరీక్షలు సూచించెను. 1990లో అమెరికాలో 487 మందిపై జరిపిన పరీక్షాఫలితము వెలువడినది. శరీరపు బరువు కిలోకు 30 మిల్లీగ్రాములు, పిమ్మట 23 గంటలు గంటకు 5.4 మిల్లీగ్రాముల చొప్పున మందిచ్చిరి. మొత్తము రోగులలో చెప్పదగిన భేదము లేదు. 8 గంటలలోపు పొందినవారికి మాత్రము కొంత మేలు కనబడినది. అంతమాత్రముననే ఆ చికిత్స దేశదేశముల వ్యాపించినది. హార్మోను గుణములేక, క్రొవ్వును కాపాడుటకే రూపొందించిన టిరిలజాడ్ 1997 పరీక్షలో దానిని మించజాలదయ్యెను.

తరువాత విమర్శ తీవ్రమైనది. రోగులను విభజించి చూచినపుడే కనబడిన మేలును నమ్మవచ్చునా? సూక్ష్మజీవులవలని వ్యాధుల ముప్పు మాటేమి? 2013లో అమెరికా నాడీశస్త్రవైద్య సంఘములు ఈ మందును వాడవలదనిరి. 2017లో ఒక అంతర్జాతీయ నిపుణవర్గము 8 గంటలలోపు ఇచ్చుటను ఆలోచింపవచ్చుననెను. వివాదము సమసిపోలేదు.

ఇంతలో మరియొక మార్గమున ఆ ప్రాచీన తీర్పు సడలినది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్మన్ రోగులను రేయింబవళ్లు ప్రక్కలు మార్చుచు, పుండ్లను మూత్రదోషములను అరికట్టి, కొలది నెలలలో మరణింపవలసినవారిని బ్రతికించెను. వారిచేత పనియు ఆటలును చేయించెను. రెండవ దెబ్బను ఆపు మందు కొరకు అన్వేషణ నేటికిని సాగుచున్నది. అది దొరకునందాక, పడినవానిని భుజములుపట్టి లేవనెత్తక, వెన్ను వంగకుండ బల్లపై చేర్చు చేతులే వెన్నుపాముకు రక్షణ.