ఉప్పు నీటిలో కరిగితే ఏమవుతుంది?

గ్లాసెడు నీటిలో చెంచాడు ఉప్పు వేసి కలిపితే, కొద్దిసేపటికి ఉప్పు కంటికి కనిపించదు. చక్కెర కూడ ఇట్లే కరుగుతుంది. రుచిలో తప్ప ఈ రెండు ద్రావణాలకు పైకి భేదమేమీ లేదు. కాని ఉప్పునీటిగుండా విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. చక్కెర నీటిగుండా ప్రవహించదు. దీనికి కారణం తెలియడానికి చాలకాలం పట్టింది.

ద్రావణంలో విద్యుత్తును మోసుకొనిపోయే కణాలకు ఫారడే 1834లో 'అయానులు' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'పోవునది' అని దీని అర్థం. విద్యుత్తే లవణాన్ని అయానులుగా చీలుస్తుందని నాటివారి తలంపు. అది నిజమైతే, చీల్చడానికి చాలినంత బలం లేని విద్యుత్తు ద్రావణంలో ప్రవహించరాదు. కాని ఎంత స్వల్పమైన విద్యుత్తయినా ప్రవహిస్తూనే ఉన్నది. కనుక కొన్ని అణువులు ముందుగానే విడిపోయి ఉండవచ్చునని 1857లో క్లాసియస్ ఊహించాడు.

మరొక సాక్ష్యం ఘనీభవనస్థానం నుండి లభించింది. ఏ పదార్థమైనా కరిగిన నీరు సున్న డిగ్రీలకంటె దిగువనే గడ్డకడుతుంది. ఎంత దిగువన అన్నది కరిగిన కణాల సంఖ్యనుబట్టి ఉంటుందిగాని, వాటి జాతినిబట్టి కాదు. ఒక కిలోగ్రాము నీటిలో 34.2 గ్రాముల చక్కెర కరిగిస్తే ఘనీభవనస్థానం సుమారు 0.19 డిగ్రీలు తగ్గుతుంది. అన్నే అణువులు గల ఉప్పు, అనగా 5.85 గ్రాములు, కరిగిస్తే సుమారు 0.35 డిగ్రీలు తగ్గుతుంది. ఇది దాదాపు రెట్టింపు! ఫ్రాన్సు దేశీయుడు రౌల్ 1880 తరువాతి సంవత్సరాలలో ఇట్టి కొలతలనేకం చేశాడు. డచ్చి శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ తన సూత్రంలో లవణాలకొక గుణకాన్ని చేర్చాడుగాని, దానికి కారణం చెప్పలేకపోయాడు.

ఆ కారణం చెప్పినవాడు స్వీడన్ దేశీయుడు అరీనియస్. 1884లో, తన 25వ ఏట, ద్రావణాల విద్యుద్వాహకతపై ఉప్సాలా విశ్వవిద్యాలయానికి పరిశోధన వ్యాసం సమర్పించాడు. పరీక్షకులు దానికి తక్కువ శ్రేణి ఇచ్చారు. కాని రీగాలోని ఆస్ట్‌వాల్డ్ దానిని చదివి, స్వయంగా ఉప్సాలా వచ్చి ఆ యువకుని కలుసుకొన్నాడు. 1887లో అరీనియస్ తన సిద్ధాంతాన్ని స్పష్టంగా ప్రకటించాడు: ఉప్పు కరిగినప్పుడే, విద్యుత్తుతో పనిలేకుండ, అయానులుగా విడిపోతుంది. ఒక్కొక్క అణువు రెండు కణాలైతే ఘనీభవనస్థానం రెట్టింపు తగ్గడంలో వింత లేదు.

సోడియం నీటిలో పడితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. ఇవి రెండూ ఉప్పునీటిలో విడివిడిగా ఉంటే ఆ నీరు ఎట్లు త్రాగగలమని పలువురు ఆక్షేపించారు. ఆవేశం గల అయాను వేరు, ఆవేశం లేని పరమాణువు వేరు అన్నదే దీనికి సమాధానం. 1903లో అరీనియస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఆ సిద్ధాంతానికి కూడ సవరణ తప్పలేదు. ఉప్పు స్ఫటికంలోనే అయానులున్నవని 1913 ప్రాంతంలో బ్రాగ్ తండ్రీకొడుకుల ఎక్స్-కిరణ పరిశోధనలు సూచించాయి. నీటి అణువుకు ఒక కొన ధనావేశం, మరొక కొన ఋణావేశం కలిగి ఉంటాయి. నీరు ఆ అయానులను చుట్టుముట్టి విడదీస్తుంది. ఉప్పువంటి లవణాలు పూర్తిగా విడిపోతాయని 1918లో భారతీయ శాస్త్రజ్ఞుడు జ్ఞానచంద్ర ఘోష్ వాదించాడు. మరి ఘనీభవనస్థానం సరిగా రెట్టింపు తగ్గదేమి? అయానులు పరస్పరం ఆకర్షించుకోవడమే ఇందుకు కారణమని 1923లో డిబై, హ్యూకెల్ లెక్క కట్టి చూపారు.

0.38 కావలసినచోట 0.35 ఉండడం చిన్న భేదమే. ఆ చిన్న భేదాన్ని ఉపేక్షించనందువల్లనే ద్రావణం లోపలి సంగతి మనకు తెలిసింది.